ఒక పూజ, రెండు కిరీటాలు: స్కాట్లాండ్ రాణి మేరీ దారిలో

శనివారం: లిన్‌లిత్‌గో, స్టిర్లింగ్

ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే లిన్‌లిత్‌గో ఇరవై నిమిషాలే. స్టేషన్ నుంచి రాజభవనానికి నడిచే వెళ్ళొచ్చు. ఒక పక్క చెరువు, ఇంకో పక్క సెయింట్ మైకేల్ చర్చి, మధ్యలో పైకప్పు లేని గోడలు. 1746లో ఇక్కడ విడిది చేసిన సైన్యం వెళ్ళిపోయే వేళకి అంటుకున్న మంటల్లో లోపలంతా కాలిపోయింది. గోడలు మాత్రం గట్టిగా నిలబడ్డాయి. ప్రాంగణం మధ్యలో ఐదో జేమ్స్ రాజు కట్టించిన ఫౌంటెన్ ఉంది. ఆయన కూతురే మేరీ స్టువర్ట్.

మేరీ కథని ఎక్కువమంది ప్రేమకథలాగే చెప్తారు. ముగ్గురు భర్తలు, రెండు హత్యలు, చివర్లో గొడ్డలి. నేను ఈ దారి పట్టింది వేరే ప్రశ్నతో. దేశమంతా ప్రొటెస్టంట్ మతం వైపు తిరిగిపోయాక, కతోలికురాలైన రాణి అక్కడ ఎలా ఏలింది? గుంటూరు జిల్లాలో రోజూ సాయంత్రం జపమాల చెప్పుకునే ఇంట్లో పెరిగాను. పూజకి, అంటే చర్చిలో గురువు అప్పద్రాక్షారసాలతో జరిపే కతోలిక ఆరాధనకి, వెళ్ళడం నేరమయ్యే రోజులు ఎలా ఉంటాయో ఊహించడానికి నాకు చాలాసేపు పట్టింది.

వాయవ్యం మూల బురుజు మెట్లు ఎక్కితే పైన చిన్న గది ఉంది. దాన్ని మార్గరెట్ రాణి గది అంటారు. 1513లో ఫ్లాడెన్ యుద్ధానికి వెళ్ళిన నాలుగో జేమ్స్ కోసం ఆయన భార్య ఇక్కడే ఎదురుచూసిందని చెప్పుకుంటారు. ఆయన తిరిగి రాలేదు. ఆ మార్గరెట్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి అక్క, మేరీకి నాయనమ్మ. మేరీకి ఇంగ్లండ్ సింహాసనం మీద హక్కు వచ్చింది ఆ రక్తం వల్లే. ఆమె తల తీసింది కూడా ఆ హక్కే కాబట్టి, కథ ఈ గదిలోనే మొదలైందని నాకనిపిస్తుంది.

1542 డిసెంబర్ 8న మేరీ పుట్టింది. ఆరు రోజులకే తండ్రి పోయాడు. పొత్తిళ్ళలో ఉన్న బిడ్డ రాణి అయ్యింది. హెన్రీ తన కొడుక్కి ఆ పిల్లని ఇమ్మన్నాడు. 1543లో గ్రీనిచ్ ఒప్పందంతో సరేనన్న స్కాట్లండు వాళ్ళు ఆ ఏడాది చివరికే వెనక్కి తగ్గారు. ఇంగ్లండ్ సైన్యాలు వచ్చి ఊళ్ళు తగలబెట్టాయి. 1548లో, ఐదేళ్ళ వయసులో, ఆమెను ఓడెక్కించి ఫ్రాన్స్ పంపేశారు. అక్కడ యువరాజుతో పెళ్ళయింది, కొంతకాలం ఫ్రాన్స్ రాణి కూడా అయ్యింది. 1560 డిసెంబర్‌లో భర్త ఫ్రాన్సిస్ చనిపోయేనాటికి ఆమెకు ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండలేదు.

మధ్యాహ్నం మళ్ళీ రైలెక్కి స్టిర్లింగ్ వెళ్ళాం. కోట కొండ మీద ఉంది, ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. తొమ్మిది నెలల పాపగా మేరీకి కిరీటం పెట్టింది ఇక్కడే. 1566 డిసెంబర్‌లో తన కొడుకు జేమ్స్‌కి కతోలిక పద్ధతిలో జ్ఞానస్నానం చేయించిందీ ఇక్కడే. ఇప్పుడున్న చాపెల్, అంటే కోటలోని చిన్న చర్చి, 1594లో కట్టినది, అప్పటిది కాదు. ఆ జ్ఞానస్నానం రోజు జరిగిన సంగతులు వింటే దేశం ఎలా చీలిపోయిందో తెలుస్తుంది. ప్రొటెస్టంట్ ప్రభువులు చాపెల్ లోపలికి అడుగుపెట్టలేదు, గుమ్మం బయటే నిలబడ్డారు. బిడ్డకి జ్ఞానమాత, అంటే జ్ఞానస్నానంలో తల్లిలా బాధ్యత తీసుకునే స్త్రీ, ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్. ఆమె బంగారు జ్ఞానస్నానపు తొట్టి పంపింది. ఆమె తరఫున లోపల నిలబడినందుకు ఆర్గైల్ కౌంటెస్ అనే ప్రభు కుటుంబపు స్త్రీ తర్వాత ప్రొటెస్టంట్ చర్చిలో అందరి ముందు ప్రాయశ్చిత్తం చేసుకోవలసి వచ్చింది.

ఆదివారం: ఎడిన్‌బరో

పొద్దున వదినతో కలిసి సెయింట్ మేరీస్ కతోలిక కెథడ్రల్‌లో పూజకి వెళ్ళాను. కేరళ నర్సులు, పోలండు కుటుంబాలు, గోవా వాళ్ళు, మనవాళ్ళు కొందరు. పూజ అయ్యాక బయట పిల్లలు పరిగెడుతున్నారు, పెద్దవాళ్ళు కబుర్లలో పడ్డారు. అక్కడి నుంచి హోలీరూడ్ ప్యాలెస్‌కి నడిచాం.

1561 ఆగస్టు 19న, దట్టమైన పొగమంచులో, మేరీ లీత్ రేవులో దిగింది. సరిగ్గా ఏడాది ముందు స్కాట్లండ్ పార్లమెంటు పోప్ అధికారాన్ని రద్దు చేసింది. పూజ చెప్పినా, పూజలో పాల్గొన్నా మొదటిసారి ఆస్తి జప్తు, రెండోసారి దేశ బహిష్కారం, మూడోసారి మరణశిక్ష అని చట్టం చేసింది. ఆ చట్టాలకు మేరీ ఎన్నడూ ఆమోదం తెలపలేదు, రద్దు కూడా చేయలేదు. రాణి ఆమోదం లేకుండానే కొత్త మతం ఊరూరా పాతుకుపోయింది.

దిగిన తర్వాత మొదటి ఆదివారం, ఆగస్టు 24న, ఆమె హోలీరూడ్‌లో తన చాపెల్‌లో పూజ చేయించుకుంది. బయట జనం గుమిగూడారు. పూజ చేసే గురువుని చంపాలని అరుపులు. కొవ్వొత్తులు మోసుకెళ్తున్న పనివాడి మీద పడ్డారు. చాపెల్ తలుపు దగ్గర కాపలా నిలబడింది ఎవరో తెలుసా? ఆమె సవతి అన్న లార్డ్ జేమ్స్ స్టువర్ట్, ప్రొటెస్టంట్ నాయకుల్లో మొదటివాడు. అన్న తన మతాన్ని గుమ్మంలో వదిలేసి చెల్లెలి మాట నిలబెట్టాడు. తర్వాత్తర్వాత ఆయన ఏం చేసినా, ఆ పొద్దున ఆయన చేసిన పనిని నేను గౌరవిస్తాను.

మర్నాడే ఆమె ఒక ప్రకటన చేసింది. తను దిగే నాటికి దేశంలో ఏ మతం ఉందో దాన్ని ఎవరూ మార్చకూడదు, తనతో వచ్చినవాళ్ళ మీద ఎవరూ చెయ్యి చేసుకోకూడదు. అంటే దేశానికి కొత్త మతం, రాణికి పాత మతం. ఆ కాలంలో ఏ దేశంలోనైనా రాజు మతమే ప్రజల మతం కావాలని అటు కతోలికులూ ఇటు ప్రొటెస్టంట్లూ నమ్మేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి చెప్పిన ఈ మధ్యేమార్గాన్ని రెండు పక్షాలవాళ్ళూ మోసమనే అనుకున్నారు.

రాయల్ మైల్ వీధిలో ఉన్న సెయింట్ జైల్స్ చర్చిలో జాన్ నాక్స్ ప్రొటెస్టంట్ ఉపదేశకుడు. ఆ తర్వాతి ఆదివారం ఆయన ప్రసంగం మొత్తం ఆ ఒక్క పూజ మీదే. పదివేలమంది సాయుధులైన శత్రువులు దేశంలో దిగినా తనకు అంత భయం ఉండదని, ఆ ఒక్క పూజ అంతకన్నా భయంకరమని అన్నాడు. ఇప్పుడు చర్చిలో ఆయన కంచు విగ్రహం ఉంది. సమాధి ఉండాల్సిన చోట, చర్చి వెనక, కార్లు పార్క్ చేస్తున్నారు, నేల మీద ఒక గుర్తు ఉందంతే.

సెప్టెంబర్ 4న రాణి ఆయన్ని పిలిపించి మాట్లాడింది. రాజు హద్దు దాటితే, శక్తి ఉన్న ప్రజలు ఎదిరించవచ్చని నాక్స్ ఆమె ముఖం మీదే చెప్పాడు. చాలాసేపు ఆమెకు మాట రాలేదట. ఈ సంభాషణ మనకు తెలిసింది నాక్స్ రాసుకున్న చరిత్ర నుంచే. మేరీ వైపు నుంచి ఎవరూ రాసిపెట్టలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. అయినా నాక్స్ మాటలో బలం లేదని నేను అనను. ప్రజలకు రాజుని ఎదిరించే హక్కు ఉందన్న మాట తర్వాతి శతాబ్దాల్లో చాలా దూరం వెళ్ళింది.

ఆయన పేరు మీద ఉన్న జాన్ నాక్స్ ఇల్లు అదే వీధిలో కిందికి నడిస్తే వస్తుంది. ఆ ఇంటి యజమాని జేమ్స్ మోస్‌మన్ అనే కంసాలి. మేరీకి నమ్మినబంటు. ఆమె పక్షాన ఎడిన్‌బరో కోటలో చివరిదాకా నిలిచాడు, 1573లో కోట పడిపోయాక ఉరితీశారు. ఆయన పేరు, భార్య పేరు మొదటి అక్షరాలు గోడ మీద ఇంకా ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా నాక్స్ బోర్డు చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. వదిన మాత్రం ఆ అక్షరాల కింద కాసేపు నిలబడింది.

హోలీరూడ్‌లో మేరీ కాలానిది మిగిలింది ముఖ్యంగా వాయవ్యపు బురుజే. ఇరుకు మెట్లు తిరుగుతూ రెండో అంతస్తుకి చేరితే ఆమె పడకగది. పక్కనే ఆమె భోజనం చేసే గది, నలుగురు కూర్చుంటే నిండిపోయేంత. 1566 మార్చి 9 రాత్రి ఆరు నెలల గర్భిణిగా ఉన్న ఆమె ముందే, రెండో భర్త డార్న్‌లీ తోడుగా వచ్చిన ప్రభువులు ఆమె కార్యదర్శి డేవిడ్ రిజ్జియోని ఈ గదిలోంచి ఈడ్చుకెళ్ళి పొడిచి చంపారు. భార్య మీద అనుమానం భర్తది. ఇటలీ నుంచి వచ్చిన ఈ కతోలికుడికి రాణి దగ్గర ఇంత పలుకుబడి ఏమిటన్నది మిగతావాళ్ళ కోపం.

వదిన మెట్ల దగ్గర ఆగి అడిగింది: "ఆ ఒక్క పూజ మానేసుంటే బతికిపోయేది కదమ్మా?"

"మానేస్తే ఫ్రాన్స్, స్పెయిన్, పోప్ అందరూ వదిలేస్తారు వదినా. ఇంగ్లండ్ కిరీటం మీద ఆశ కూడా పోతుంది."

"నువ్వు రాజకీయం చెప్తున్నావు. నేను ప్రాణం సంగతి అడుగుతున్నాను."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె పూజ విశ్వాసమా, రాజకీయమా అని విడదీసి చూడటం కష్టం. 1562లో ఆమె చేసిన పనులు చూడండి. పాత చర్చి ఆదాయంలో మూడో వంతు తీసుకుని, అందులో కొంత ప్రొటెస్టంట్ ఉపదేశకుల జీతాలకిచ్చింది. రెండు వంతులు సైతానుకి పోతే, మూడో వంతుని దేవుడూ సైతానూ పంచుకోవాలా అని నాక్స్ మండిపడ్డాడు. అదే వేసవిలో పోప్ దూతగా వచ్చిన, జెస్విట్ అనే కతోలిక సన్యాసుల సంఘానికి చెందిన గురువుని, ఆస్థానమంతా ప్రసంగానికి వెళ్ళిన వేళ చూసి, రహస్యంగా కలిసింది. అక్టోబర్‌లో కోరిచీ దగ్గర దేశంలోకెల్లా పెద్ద కతోలిక ప్రభువు హంట్లీ ఎర్ల్‌ని యుద్ధంలో అణచివేసింది. ఆమె ఫ్రాన్స్‌లో ఉండగానే, ఆబర్డీన్‌లో దిగితే ఇరవైవేల మందితో కతోలిక మతాన్ని తిరిగి నిలబెడతామని అతని వైపు నుంచి కబురు వెళ్ళింది. ఆ రక్తపాతం ఆమె ఒప్పుకోలేదు. సొంత మతంవాళ్ళే అనుమానించేలా ఏలింది, ఎదుటి మతంవాళ్ళు నమ్మేలా ఏలలేకపోయింది.

సోమవారం: లాక్‌లెవెన్

బస్సులో కిన్రోస్ చేరి, చెరువు గట్టు నుంచి చిన్న పడవ ఎక్కాలి. వేసవి కాలంలోనే పడవలు నడుస్తాయి. గాలి బాగా చల్లగా ఉంది. పదినిమిషాల్లో దీవి చేరాం. ఒక చదరపు బురుజు, చుట్టూ ప్రహరీ, చెట్లు. పంతొమ్మిదో శతాబ్దంలో చెరువు నీటిమట్టం తగ్గించడంతో దీవి పెద్దదైంది. మేరీ ఉన్నప్పుడు నీళ్ళు దాదాపు కోట గోడల దాకా ఉండేవి.

అందరూ దీన్ని ఆమె చెరసాలగానే చూస్తారు. కానీ 1563 ఏప్రిల్‌లో ఆమె రాణిగానే ఇక్కడికొచ్చి నాక్స్‌ని పిలిపించుకుంది. ఆ ఈస్టర్‌కి పశ్చిమ ప్రాంతాల్లో కొందరు గురువులు పూజలు చేశారు. ప్రొటెస్టంట్ పెద్దలు వాళ్ళని పట్టుకుని తామే శిక్షిస్తామన్నారు. వాళ్ళని ఆపమని ఆమె నాక్స్‌ని బతిమాలింది. మీరు శిక్షించకపోతే వాళ్ళు శిక్షిస్తారన్నాడు నాక్స్. మర్నాడు పొద్దున వేటకు వెళ్తూ దారిలో ఆయన్ని కలిసి, తనే విచారణ జరిపిస్తానని మాటిచ్చింది. మే నెలలో సెయింట్ ఆండ్రూస్ ఆర్చ్‌బిషప్ హామిల్టన్‌తో సహా నలభై ఎనిమిది మందిని కోర్టుకి లాగారు, చాలామందిని ఖైదు చేశారు. తను తన చాపెల్‌లో చేయించుకునే పూజే వాళ్ళ నేరం. నాకు ఆమె మీద ఎంత అభిమానం ఉన్నా, ఈ ఒక్క చోట మనసు చివుక్కుమంటుంది.

మళ్ళీ నాలుగేళ్ళకి ఆమె ఇక్కడికి ఖైదీగా వచ్చింది. ఈలోగా ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను. 1567 ఫిబ్రవరి 10న ఎడిన్‌బరోలో, ఇప్పుడు యూనివర్సిటీ ఓల్డ్ కాలేజ్ ఉన్న చోట, డార్న్‌లీ దిగిన ఇంటిని తుపాకిమందు పెట్టి పేల్చారు. అతని శవం బయట తోటలో దొరికింది. వేళ్ళన్నీ బోత్‌వెల్ ఎర్ల్ అనే ప్రభువు వైపే చూపించాయి. కోర్టు అతన్ని విడిచిపెట్టింది. ఏప్రిల్‌లో అతను రాణిని డన్‌బార్ కోటకి ఎత్తుకెళ్ళాడు. మే 15న ఆమె అతన్ని పెళ్ళాడింది, అదీ ప్రొటెస్టంట్ పద్ధతిలో. ఎత్తుకెళ్ళినవాణ్ణి ఇష్టపడి చేసుకుందని నేను నమ్మను. కానీ ఆ పెళ్ళితో రోమ్ కూడా ఆమెకు ముఖం చాటేసింది. ఆరేళ్ళపాటు ఒక్క పూజ కోసం ఇంత తట్టుకున్న మనిషి తన పెళ్ళికి పూజ లేకుండా నిలబడింది. జూన్‌లో ప్రభువులు ఆమెను పట్టుకుని ఈ దీవికి తెచ్చారు.

ఇక్కడే ఆమెకు కవల పిండాల గర్భస్రావం అయ్యింది. ఆ నీరసంలో ఉండగానే, జూలై 24న, సింహాసనం వదులుకుంటున్నట్టు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ఐదు రోజులకి పదమూడు నెలల కొడుక్కి స్టిర్లింగ్‌లో కిరీటం పెట్టారు. ఆ రోజు ప్రసంగం చేసింది నాక్సే. తన కొడుకుని ఆమె మళ్ళీ చూడనే లేదు.

1568 మే 2న విల్లీ డగ్లస్ అనే కుర్రాడు తాళంచెవులు కొట్టేసి, ఆమెను గేటు దాటించి, బయట నుంచి తాళం వేసి పడవ ఎక్కించాడు. పదకొండు రోజుల్లో లాంగ్‌సైడ్ దగ్గర ఆమె సైన్యం ఓడిపోయింది. ఫ్రాన్స్ వెళ్ళమని దగ్గరివాళ్ళు చెప్పినా వినకుండా, మే 16న చేపల పడవలో సోల్వే సముద్రపాయ దాటి ఇంగ్లండ్‌లో దిగింది. సాటి రాణి ఎలిజబెత్ ఆదుకుంటుందని ఆమె నమ్మకం.

మంగళవారం: రైల్లో

వదిన స్టేషన్ దాకా వచ్చి పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. ఎడిన్‌బరో నుంచి పీటర్‌బరోకి నేరుగా రైలుంది. ఎడమ పక్క కిటికీ దొరికింది, బెరిక్ దాకా సముద్రమే.

ఇంగ్లండ్‌లో మేరీ బందీగా గడిపింది దాదాపు పందొమ్మిదేళ్ళు. కార్లైల్, బోల్టన్, టట్‌బరీ, షెఫీల్డ్, చార్ట్‌లీ. పాలించిన కాలం కన్నా మూడు రెట్లు. ఆ ఏళ్ళలో ఆమె చేతిలో సూది దారాలు తప్ప ఏమీ లేవు. కుట్టిన వాటిలో ఒకటి, నారింజ రంగు పిల్లి ఎలుకని చూస్తున్న బొమ్మ, హోలీరూడ్ సేకరణలో ఉంది. ఎలిజబెత్‌ది ఎర్ర జుట్టు కాబట్టి, ఆ పిల్లి ఆమేనని, ఎలుక మేరీ అని అనుకోవచ్చు.

1570లో పోప్ ఐదో పయస్ ఎలిజబెత్‌ని వెలివేసి, ప్రజలు ఆమెకు లోబడనక్కర్లేదని శాసనం జారీ చేశాడు. ఆ కాగితం మేరీకి మేలు కన్నా కీడే చేసిందని నా అభిప్రాయం. అప్పటి నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి కతోలికుడూ రాజద్రోహి లెక్కలోకి వచ్చాడు, మేరీ బతికి ఉండటమే ఒక కుట్రలా కనిపించింది. కుట్రలు నిజంగానే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివరిది 1586లో ఆంథనీ బాబింగ్టన్‌ది. చార్ట్‌లీలో బీరు పీపాల్లో దాచి వెళ్ళే ఆమె రహస్య లేఖలన్నీ ఎలిజబెత్ మంత్రి వాల్సింగ్‌హమ్ మనుషులు విప్పి చదువుతున్నారని ఆమెకు తెలియదు. ఎలిజబెత్‌ని చంపే పథకం ఉన్న ఉత్తరానికి ఆమె జవాబు రాసింది. దాని నకలు మీద, సంకేతాలు విప్పే ఫెలిప్స్ ఉరికొయ్య బొమ్మ గీశాడు.

బుధవారం: ఫోదరింగే, పీటర్‌బరో

ఫోదరింగేకి రైలు లేదు. పీటర్‌బరో నుంచి టాక్సీలో వెళ్ళాను. నెన్ నది ఒడ్డున గడ్డి మొలిచిన దిబ్బ, కంచె వేసిన ఒక రాతి ముక్క. అంత పెద్ద కోటలో మిగిలింది ఇదే. దిబ్బ మీద గొర్రెల అడుగులు, ముళ్ళ మొక్కలు. ఆ మొక్కల్ని మేరీ రాణి కన్నీళ్ళు అంటారు ఇక్కడివాళ్ళు.

1586 అక్టోబర్‌లో విచారణ. నేను వేరే దేశపు రాణిని, మీ చట్టం నాకు ఎలా వర్తిస్తుందని ఆమె వాదించింది. వకీలు లేడు, తన కాగితాలు తన దగ్గర లేవు. మరణశిక్ష పడింది. 1587 ఫిబ్రవరి 8 తెల్లవారుజామున రెండింటికి ఆమె ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీకి ఆఖరి ఉత్తరం రాసింది. అది ఇప్పుడు ఎడిన్‌బరోలోని నేషనల్ లైబ్రరీలో ఉంది. తనకు శిక్ష పడటానికి రెండే కారణాలని రాసింది: కతోలిక విశ్వాసం, ఇంగ్లండ్ కిరీటం మీద దేవుడిచ్చిన హక్కు. బాబింగ్టన్ ఊసు లేదు. తన కథని ఎలా చెప్పాలో ఆమె ఆ రాత్రే తేల్చేసుకుంది.

సొంత గురువుని దగ్గరికి రానివ్వలేదు. పీటర్‌బరో కెథడ్రల్ పెద్ద అయిన డీన్ వచ్చి ప్రొటెస్టంట్ ప్రార్థనలు మొదలుపెడితే ఆమె తన ప్రార్థనలు లాటిన్‌లో గట్టిగా చెప్పుకుంది. పైనున్న నల్ల బట్టలు తీసేస్తే లోపల ముదురెరుపు. మన చర్చిల్లో వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ, పండుగనాడు గురువు వేసుకునే రంగు అదే. ఆ రంగు అర్థం ఆ గదిలో అందరికీ తెలుసు. అందుకే తర్వాత ఆమె రక్తం అంటిన బట్టలూ, తల పెట్టి నరికిన కొయ్యా కాల్చేశారు, ఎవరూ పవిత్ర వస్తువులుగా దాచుకోకుండా. రోమ్ ఆమెను ఇంతవరకు పునీతురాలిగా ప్రకటించలేదు. డార్న్‌లీ హత్య, బోత్‌వెల్ పెళ్ళి మధ్యలో ఉండగా అది జరగడం కష్టమే. కానీ ఆ రోజు పొద్దున ఆమె ధైర్యంలో నటన ఉందనే మాట నేను ఒప్పుకోను.

పీటర్‌బరో కెథడ్రల్‌లో ఆమెను ముందు సమాధి చేసిన చోటు చూశాను. ఎదురుగా అవతలి వైపు ఆరగాన్ కేథరీన్ సమాధి, దాని మీద పూలు. ఎనిమిదో హెన్రీ విడిచిపెట్టిన మొదటి భార్య ఆమె. ఆ విడాకులు చెల్లవని నమ్మిన కతోలికుల లెక్కలో రెండో భార్య కూతురు ఎలిజబెత్‌కి సింహాసనం హక్కు లేదు, మేరీకే ఉంది. అంత గొడవకి మూలమైన కేథరీన్, ఆ గొడవలో పోయిన మేరీ ఒకే చర్చిలో. ఇద్దరి సమాధులూ తవ్వింది ఒకే కాటికాపరి, రాబర్ట్ స్కార్లెట్. పార, తాళంచెవులతో ఆయన బొమ్మ పడమటి గోడ మీద ఉంది.

గురువారం: వెస్ట్‌మిన్‌స్టర్

ఎలిజబెత్‌కి పిల్లలు లేరు. 1603లో ఆమె పోయాక ఇంగ్లండ్ కిరీటం మేరీ కొడుక్కే వచ్చింది. ప్రొటెస్టంట్‌గా పెరిగాడు కాబట్టే వచ్చింది. 1612లో అతను తల్లి అవశేషాలు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చికి తెప్పించాడు. ఏడో హెన్రీ చాపెల్‌లో దక్షిణం వైపు మేరీ పాలరాతి సమాధి, ఉత్తరం వైపు ఎలిజబెత్‌ది. ఎలిజబెత్ కింద, అదే గుంటలో, ఆమె కతోలిక అక్క మేరీ ట్యూడర్. మతం కోసం ఒకరినొకరు అంత భయపెట్టుకున్న అక్కాచెల్లెళ్ళు పునరుత్థానపు ఆశతో కలిసి నిద్రిస్తున్నారని లాటిన్‌లో చెక్కారు.

మేరీ బొమ్మ చేతులు జోడించి పడుకుని ఉంది, కాళ్ళ దగ్గర స్కాట్లండ్ సింహం. జనం తోసుకుంటూ వెళ్తున్నారు. బయటికొచ్చే దారిలో పట్టాభిషేకాల పాత కుర్చీ కనిపిస్తుంది. మేరీ వంశంవాళ్ళే ఇప్పటికీ ఆ కిరీటం ధరిస్తున్నారు. 1701 చట్టం ప్రకారం కతోలికులు ఆ సింహాసనం ఎక్కకూడదు. కతోలికుల్ని పెళ్ళి చేసుకున్నవాళ్ళూ ఎక్కకూడదన్న నిబంధన 2015లో పోయింది. మొదటిది అలాగే ఉంది. సాయంత్రం వదినకి ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు, చట్టం తీసి చదివి వినిపించాను.